ఇన్సూరెన్స్ కాయిదం మీద దస్కత్

హలో… ఆ, నేనే బిడ్డా, బాపును… షాపుల మంది ఉన్నరా?… జర పక్కకు రా మరి, ఒక ముచ్చట అడగాలె.

లే లే, పరేషాన్ గాకు. మీ అవ్వ మంచిగనే ఉన్నది. బోధన్ల ఇంటికాడనే ఉన్నది. నేనే నిజామాబాద్ వచ్చిన, పొద్దుగాల బస్సుకు.

కారు కోసం… ఆ, కిరాయి కారు. డ్రైవర్ ఉండడు, మనమే తోలుకునుడు…

ఎవలేంది సింధూజా, నేనే తోలుత. ఇంకెవలు తోలుతరు?

మొన్న చెప్పిన కద. ధర్మాబాద్ పోవాలె, మీ పెద్దమ్మను సూడనీకి… ఆ, భూమవ్వకు ఇగ మాట గుడ పడిపోయిందంట. మనుషులను గుర్తుపడుతున్నదంట గని నోరు లేస్తలేదంట. మీ అవ్వ నాలుగు దినాల సంది ఒక్కటే… అక్కను సూస్త, అక్కను సూస్త…

బస్సుల ఎట్ల తీసుకపోవాలె? మోకాలు ఆపరేషన్ అయి మూడు నెలలు గుడ కాలే. బస్సు మెట్టు ఎక్కుతదా ఆమె?… అందుకే కారు.

ఆ… గదే అడుగుదామని చేసిన. ఈడ ఇన్సూరెన్స్ తీసుకుంటరా అని అడుగుతున్నరు.

కాదు, కారుకు ఉండేది ఏరే. ఇది కిరాయికి తీసుకునేటోళ్లకు. దినానికి నాలుగు వందలు ఎక్కువ. అది తీసుకుంటే గీత పడ్డా, సొట్ట పడ్డా మనల అడగరు. తీసుకోకపోతే పదివేలు డిపాజిట్ పెట్టాలె. ఏమన్న అయితే అండ్లకెల్లి పట్టుకుంటరు—

తీసుకో అంటవా?… జర ఆలోచించి చెప్పరాదు. నేను మాట పూర్తిగ చెప్పకముందే తీసుకో అంటివి.

నాకెందుకు బిడ్డా ఇన్సూరెన్స్? నలభై రెండేండ్లు తోలిన. లారీ తోలిన, చెరుకు ట్రాక్టర్ తోలిన. వానల తోలిన, మంచుల తోలిన. ఒక్కనాడన్న ఎవలకన్న తాకిచ్చిన్నా? నువ్వే చెప్పు.

…తెలుసు, ఎదుటోడు వచ్చి తాకుతడు. గా మాట నేనూ ఇన్న.

పైసల కోసం కాదు… వద్దు, ఫోన్ల పంపకు. ఉన్నయి నా తాన. చెప్పేది ఇను సింధూజా, పైసల ముచ్చట కానే కాదు ఇది.

డిపాజిట్ గుడ వద్దన్నడు.

ఆ, వద్దన్నడు. ఈ కార్ల ఆఫీసు ఎవలదనుకున్నవ్? మన దిక్కు చెన్నకేశవరావు ఉండె సూడు, కాలువ కింద చెరుకు ఏసేటోడు… ఆ, ఆంధ్రోళ్లే. ఆయన కొడుకు కిషోర్‌బాబుది. నేను వాళ్ల చెరుకు పన్నెండేండ్లు తోలిన. నన్ను సూడంగనే కుర్సీలకెల్లి లేచిండు. చాయ్ తెప్పిచ్చిండు.

అడిగిన. ఇన్సూరెన్స్ తీసుకోవాల్నా సారూ అని నేనే అడిగిన. నవ్విండు. "మీకెందుకండీ లింబయ్యగారూ? మీ చేతిలో బండి ఉంటే కంగారు లేదని మా నాన్నగారు అంటుండేవారు. డిపాజిట్టూ వద్దు, ఏమీ వద్దు, తీసుకెళ్లండి" అన్నడు. అని తాళం నా చేతిల పెట్టిండు.

ఇగో, చేతిలనే ఉన్నది.

…లే, సంబురం లేదు.

ఏమో, లేదు. బయటికి వచ్చి నీకు ఫోన్ చేస్తున్న.

నువ్వు మళ్ల అదే అంటున్నవ్. తీసుకో, తీసుకో… తీసుకుంటే ఒక కాయిదం ఉన్నది బిడ్డా. ఇంగ్లీషుల ఉంటే ఆడ పనిచేసే పిల్ల తెలుగుల చెప్పింది. తోలెటోనికి ఫిట్స్ లేవు, గుండె జబ్బు లేదు, కండ్ల జబ్బు లేదు అని దస్కత్ పెట్టాలె. అబద్ధం పెడితే ఏమన్న అయినప్పుడు ఇన్సూరెన్స్ నడవదంట. ఇన్సూరెన్స్ వద్దంటే ఆ కాయిదమే లేదు. ఎవ్వరేం అడగరు. తాళం తీసుకొని పోవుడే.

…

ఆ, లేకపోతే పెట్టచ్చు. పెట్టనీకేమైతది, నిజమే.

…

బిడ్డా. మొన్న నేను నిన్ను చుక్కల మందు అడిగిన సూడు. మీ షాపుల తక్కువకు వస్తదా అని… ఆ, కంట్ల ఏసుకునేది. పక్కింటి కాశయ్యకు కావాలె అని చెప్పిన…

కాశయ్యకు కాదు.

…

నాకే.

…హలో? ఉన్నవా?… ఉన్నవా సింధూజా?

రెండు నెలలాయె. ఈడనే, నిజామాబాద్ల కండ్ల దవఖానకు ఒక్కన్నే వచ్చిన. నీటికాసులంట… నువ్వు మందుల షాపుల ఉంటవ్, నీకు నాకంటె ఎక్కువ తెలుసు.

రెండు కండ్లకు. ఎడమది ఎక్కువ. ఎదురుంగ మంచిగనే కనబడతది బిడ్డా, నీ మొఖం కనబడతది, పేపర్ కనబడతది. పక్కన కనబడది. ఎడమ దిక్కయితే… లేనే లేదు.

నాకెట్ల తెలుస్తది? చీకటి కాదు కద అది. ఏం లేనట్టు ఉంటది. ఆడ ఒక మిషన్ల తలకాయ పెట్టుమన్నరు. లైటు వచ్చినప్పుడల్ల బటన్ నొక్కుమన్నరు. నేను నొక్కిన. తర్వాత లైట్లు వస్తలేవు. మిషన్ ఖరాబైందనుకున్న. ఊకె కూసున్న. వాళ్లు లైట్లు ఏస్తనే ఉన్నరంట… నాకు కనబడకుంటనే.

రాదంట. పోయింది రాదంట. ఉన్నది కాపాడనీకే చుక్కలు. ఏస్తున్న, రోజు ఏస్తున్న.

అవ్వకు తెల్వదు. చింతపండు డబ్బ ఎనుక దాచిపెట్టిన సీసా.

…బండి తోలద్దన్నడు డాక్టర్. ఆ. మొదాలు అదే చెప్పిండు.

కోపానికి రాకు… అను, అను. అనాలె నువ్వు.

ఎందుకు చెప్పలే అంటే ఏం చెప్పాలె? నాకు తోలుడు ఒక్కటే వచ్చు. చదువు లేదు, పొలం లేదు. లింబయ్య అంటే డ్రైవర్ లింబయ్య. ఇగ ఆ డ్రైవర్ అన్నది తీసేస్తే మిగిలేదెవడు బిడ్డా? నాకే తెల్వదు, నీకేం చెప్పాలె?

…

ఇంకోటి ఉన్నది. ఇను, ఇప్పుడే చెప్త, మళ్ల చెప్పనీకి నోరు రాదు. మోచేయి కొట్టుకపోయి వచ్చిన కద దీపావళి ముంగట. రోడ్డు తడిగుంటే మోపెడ్ జారింది అన్న. జారలే. ఎడపల్లి దాటినంక ఒక బడి పిల్ల సైకిల్ మీద పోతున్నది. ఎడమ దిక్కే పోతున్నది. నాకు లేదు ఆ పిల్ల. దేవుని సాక్షిగ లేదు. తాకినంక కనబడ్డది.

బతికింది, బతికింది. మోకాలు చెక్కుకపోయింది, గంతే. పుస్తకాలన్ని రోడ్డు మీద పడ్డయి. ఏరిచ్చిన. ఆ పిల్ల ఏడ్వలే, తిట్టలే. "తాతా, నేను బెల్లు గుడ కొట్టిన కద" అన్నది.

…

ఆ తెల్లారే దవఖానకు వచ్చిన.

మోపెడ్ ముట్టలే అప్పటి సంది. అవ్వ అడిగితే పెట్రోల్ ధర ఎక్కువైందన్న.

అదే… అదే అడుగుతవని తెలుసు. అన్ని తెలిసి కారు కోసం ఎందుకు వచ్చిన…

మీ అవ్వ అడిగింది బిడ్డా. పెండ్లయిన కొత్తల లారీ ఎక్కియ్యమని అడుగుతుండె. లారీ సేటు ఆడోళ్లను ఎక్కనియ్యకపోయె. తర్వాత పిల్లలు, పనులు… అడుగుడు బంద్ చేసింది. నలభై రెండేండ్లు ఊరందరి చెరుకు తోలిన, ఆమెను ఒక్కసారి పక్కన కూసోబెట్టుకొని తోలలే. మొన్న భూమవ్వ ముచ్చట వచ్చినప్పుడు, కిరాయికి కార్లు ఇస్తరంట, నువ్వు తోలు, నేను పక్కన కూసుంట అన్నది. అక్క సావు బతుకుల మీద ఉన్నదని ఏడ్చుకుంటనే ఒక దిక్కు నవ్వింది. సరే అన్న. నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో, వచ్చింది.

దూరం లేదు సింధూజా. కందకుర్తి బ్రిడ్జి దాటితే అయిపాయె. పొద్దుండంగ పోయి పొద్దుండంగ వస్త. ముప్పై మీద పోత. తలకాయ తిప్పుకుంట పోత. అవ్వ ఎట్లనూ ఎడమ దిక్కే కూసుంటది కద, ఎవలన్న వస్తే సూసి చెప్తది—

ఏంది?

…

మళ్ల చెప్పు.

…ఆ. ఆమె దిక్కే.

ఏం వచ్చి తాకినా ఆమె దిక్కే తాకుతది.

…

ఇన్సూరెన్స్ కారుకే. ఆ. మీ అవ్వకు కాదు.

…

లే, ఏం లేదు. ఉన్న. కూసున్న. ఈడ మెట్టున్నది, దాని మీద కూసున్న.

ఎందుకు ఫోన్ చేసిన్నో చెప్పన్నా? నువ్వు ఇన్సూరెన్స్ దండుగ అంటవేమో అనుకున్న. నాలుగు వందలెందుకు బాపూ అంటవేమో అని. అంటే, నా బిడ్డ వద్దన్నది అని తాళం పట్టుకొని పోదును. కాయిదం లేదు, దస్కత్ లేదు… నువ్వేమో తీసుకో తీసుకో అంటివి.

ఏడ్వకు. మంది సూస్తరు. మీ షాపు సేటు ఏమనుకుంటడు?

నువ్వే మంచిగ చేసినవ్. నిన్నేం అంటలే నేను.

అల్లుడు వచ్చి తోలుతడా?… ఆయనకు ఐతారమే కద సెలవు, అప్పటి దాక భూమవ్వ ఉంటదా? ఎవలకెరుక. ఈ రెండు దినాలే అన్నరంట డాక్టర్లు… డ్రైవర్‌ను పెట్టుకొని?… అడగచ్చు. కిషోర్‌బాబు తానే ఉంటరేమో డ్రైవర్లు… ఆ, ఇయ్యాలనే. ఇయ్యాలనే పోవాలె. నేను తోలకపోతే ఆమె అక్కను సూడకుంట ఉండద్దు.

లే, నువ్వు మాట్లాడకు ఆయనతోని. నేనే చెప్త. ఫోన్ పెట్టకు, గంతే. చేతిలనే పట్టుకొని లోపటికి పోత.

…

సారూ… కిషోర్‌బాబు సారూ. చాయ్ వద్దు సారూ. ఇగో తాళం… లేదు, కారు మంచిగనే ఉన్నది. కారుది ఏం లేదు. నాదే… నాకు కండ్లు కనబడయి సారూ. పక్కకు కనబడది… ఆ, డాక్టర్ చెప్పిండు. తోలద్దన్నడు. మీరు నమ్మి ఇస్తిరి, నేను పట్టుకొని పోదామనే అనుకున్న. మీకు చెప్పకుంటనే… ఎవలన్న డ్రైవర్ ఉంటే ఇయ్యాలటికి… ఆ… ఆ… ఎంతయినా సరే సారూ. మంచిది. బయట కూసుంట.

…

బిడ్డా… ఇన్నవా?

ఏమనలే. నా మొఖం సూడలే. తాళం తీసుకొని డ్రాయర్ల పెట్టిండు. రామ్‌దాస్ అని ఒకడున్నడంట, ఒక గంటల వస్తడంట, వాడు తోలుతడు అన్నడు… ఇంతకుముందు కుర్సీలకెల్లి లేచిండు సూడు, ఇప్పుడు లేవలే. ఎందుకు లేస్తడు.

లే బిడ్డా, మంచోడే. ఆయనను అంటలేను.

ఆ రామ్‌దాస్ ఎసొంటోడో. గేరు సక్కగ ఏస్తడో లేదో… ఆ, నాకేం పని. నిజమే. నేను ఎనుక సీట్ల కూసునుడే. ఎనుక సీట్ల ఎన్నడు కూసోలే బిడ్డా నేను. కాళ్లతోని ఏం చెయ్యాలెనో, చేతులు ఏడ పెట్టుకోవాలెనో…

ఆగు, ఈ ఫోన్లనే ఇంకో ఫోన్ వస్తున్నది. టుక్కు టుక్కు అంటున్నది… మీ అవ్వదే.

తయారై ఉంటది. ఎనిమిదింటికే చీర కట్టుకున్నది, నేను బస్సెక్కంగ. గేటు కాడ నిలబడి ఉంటది.

నువ్వు చెయ్యకు. నువ్వు చెప్తే ఆమె ముంగట నా ఇజ్జత్ పోయినట్టు… కాదు, అది గుడ కాదు. నేను చెప్పాలె. ఇరవై ఏండ్ల పిల్లప్పటి సంది ఆమె నమ్ముకున్నది నన్నే.

ఏం చెప్పాలె?… కార్లు దొరకలే, డ్రైవర్‌తోనే ఇస్తరంట అని చెప్పచ్చు. మస్తు తేలిక. నమ్ముతది గుడ.

…లే. ఇగ అబద్ధం చెప్ప.

కట్ అయింది… మళ్ల చేస్తున్నది. ఇదిగో, మళ్ల.



ఉంట బిడ్డా. ఆమెది ఎత్తుత… ఉంట.

అనసూయా… ఆ, నేనే. ఇంట్లకు పోయి కుర్సీల కూసో. కాలు నొయ్యనియ్యకు… కూసున్నవా? నీకొకటి చెప్పాలె.