మాది కంట్రోల్ ఊరు

ఆగు బిడ్డా, బ్యాగు అప్పుడే సదురకు. గా మాట మల్లొక్కపారి చెప్పు. ఏమంటివి? కంట్రోల్ ఊరంటే మందియ్యని ఊరా?

గట్ల తల దించుకుంటే ఎట్ల అనిలా? రెండేండ్ల సంది మా ఇంటికి అస్తున్నవ్. నా మొగని చెయ్యికి పట్టీ కడ్తవ్, గాలి కొడ్తవ్, బీపీ ఎంతుందో రాసుకుంటవ్, చాయ్ తాగి పోతవ్. "ఎంకవ్వా, మీది కంట్రోల్ ఊరు" అన్నవా లేదా? నవ్వుకుంట అన్నవ్. నేనూ నవ్విన.

కంట్రోలంటే మాకేం ఎరుక? కంట్రోల్ దుకాణం ఎరుక, కంట్రోల్ బియ్యం ఎరుక. మొదటిపారి నువ్వు గా మాట అన్ననాడు మా ఇంటాయన హన్మండ్లు ఏమన్నడో యాదికుందా? "బియ్యమిస్తరా బిడ్డా, సంచి తేవాల్నా?" అన్నడు. నువ్వు పడి పడి నవ్వినవ్. బియ్యం కాదు బాపూ, బీపీ సంగతి అన్నవ్. ఇగ బీపీల కంట్రోలంటే ఇంకేముంటది? ఏ డాక్టరైనా గదే గదా అనేది, కంట్రోల్‌ల ఉంది, ఫికర్ లేదు అని! మా ఊరు ఊరంత కంట్రోల్‌ల ఉందని పొంగిపోయిన. బీడీలు చేసుకుంట వాడకట్టంత చెప్పుకున్న.

గోలీలు బందువెట్టిండు ఆయన. మంచిగున్నంక రామారెడ్డి దవాఖానకు పోయి లైన్ల నిలవడుడు ఎందుకే అన్నడు. నేను గూడ ఔ అన్న.

ఏందీ? చెప్పినవా, దవాఖానకు పోవుడు మానొద్దని? చెప్పినవేమో. చెప్పే ఉంటవ్ తీ, అబద్ధమాడే పిల్లవు కాదు నువ్వు. కానీ అంత మంచిగున్నదనుకున్నోడు దవాఖానకు పోతడా? నువ్వే చెప్పు.

జర మెల్లగ మాట్లాడు. లోపల ఇంటున్నడు. మాట పడిపోయింది గని చెవులు మంచిగనే ఉన్నయి.

మక్కచేనుకు నీళ్లు వెట్టబోయినోడు ఒడ్డుమీదనే కూలవడ్డడు. కుడి చెయ్యి, కుడి కాలు, మూతి, అన్నీ ఒక్కసారే పోయినయి. ఎంత నోరున్న మనిషి! ఊర్ల పంచాయితంటే ఆయన గొంతే ముందు ఇనవడేది. గసుంటోడు ఇయ్యాల నీళ్లు కావాల్నంటే మంచం పట్టెను కొడ్తడు.

కామారెడ్డి డాక్టర్ సారు ఏమన్నడో తెల్సా? "ఇంకోపారి కొడితే మనిషి దక్కడమ్మా, బీపీ పెరగకుంట చూసుకో" అన్నడు. ఎట్ల చూసుకోవాలె? గోలీలు ఏస్తనే ఉన్న. సగం మింగుతడు, సగం ఉమ్మేస్తడు. ఇప్పుడే సూస్తివి గదా, ఎంతుందో. నీ మొకమే చెప్తుంది. దవాఖానకు తోల్కపోవాల్నంటే ఆటోల ఎక్కిచ్చేతందుకు ఇద్దరు మొగోళ్లు కావాలె. రోజు ఎవ్వలస్తరు?

గందుకే నీ కాళ్లు మొక్కినట్టు అడుగుతున్న. మా చెల్లె సాలవ్వ ఊరు ఎల్లారెడ్డి దిక్కు గదా. ఆడ మీ నర్సమ్మ వారం వారం ఇంటికే అచ్చిందట! మా మరిది చేతుల గోలి వెట్టి మింగేదాక నిలవడ్డదట. బీపీ ఎక్కువుంటే గోలి మార్పిచ్చిందట. తొక్కు జాడి మూత తీసి, ఇంత ఉప్పేందని కోపం జేసిందట. మా చెల్లె ఏమో ఇదేం సతాయింపక్కా అని తిట్టుకుంట చెప్పింది. ఒక్కటే పని, ఒక్కటే సర్కారు పైసలు. వాళ్లకు నర్సమ్మనా, మాకు ఒట్టి పట్టీనా?

చీటీలు తీసిండ్రా? రెండు తీర్ల ఊర్లను పోల్చి సూసేతందుకు ఏ ఊరికి ఏది రావాల్నని చీటీలేసి తీసిండ్రా! మంచిగనే ఉంది.

పోనీ, ఇప్పుడన్న ఆయన పేరు ఆ ఊర్ల రాయి. మేమే పోయి చెల్లె ఇంట్ల ఉంటం. ఏం, కుదరదా? సర్కారు పైసలిచ్చేటప్పుడే అగ్రిమెంట్‌ల రాసుకున్నరా, గిన్ని ఊర్లకు మందు, గిన్ని ఊర్లకు ఒట్టి సూపు అని? మమ్ములనెవ్వలు అడిగిండ్రే? సంతకం పెట్టిన, నిజమే. నువ్వు సదివి ఇనిపిచ్చినవ్ గూడ. ఇన్న. ఏం అర్థమైందని ఇన్న!

మరి మొన్న ఫోన్ల మీ పనికి ఎక్స్‌టెన్షన్ అచ్చిందంటివి? నేనెంత ఖుషి అయిన! ఇంకొన్ని దినాలు నడుస్తదంటే నిన్ను బతిమిలాడి నర్సమ్మను తెప్పిచ్చుకోవచ్చు అనుకున్న. ఏందీ, నో కాస్టా? అంటే దినాలిచ్చిండ్రు, పైసలియ్యలేదా? మరి నర్సమ్మ? ఆ ఊర్లకెల్లి గూడ తీసేసిండ్రా? ఓరి దేవుడా. అయితే పేరు మార్పిచ్చినా ఫాయిదా లేదన్నట్టే. మరి నీ జీతం? అయ్యో, నీకు గూడ లేదా! మరేం తిని తిరుగుతున్నవే ఎండల?

ఇంకొకటి అడుగుత, కోపానికి రాకు. పోయినసారి ఆయన గురించి ఫోన్ల మీ సారుకు ఏమో చెప్పినవ్. ఈవెంట్ అయిందన్నవ్. నేను వాకిట్ల ఇన్న. పెండ్లిల లైట్లు కట్టి, డీజే వెట్టేటోళ్లను గదనే ఈవెంటోళ్లంటరు? నా మొగడు చేన్ల కూలవడ్డది మీకు ఈవెంటా?

మా ఊర్లల్ల అసుంటియి ఎక్కువయినయా? ఆ ఊర్లల్ల తక్కువనా? గందుకే నర్సమ్మ పని మంచిగున్నదని తేలిందా? అంటే మావోళ్లు పడ్డరు గనుకనే తేలింది. గంతేనా? చెప్పు బిడ్డా, గంతేనా?

తర్వాత అన్ని ఊర్లకు ఇస్తరా? ఎప్పుడు? మీ సార్లు రాసినంక, సర్కారు సదివినంక, మల్ల పైసలు మంజూరైనంక. అప్పటిదాక ఈయన ఉంటడా?

ఏడ్వకు పిల్లా. నీ మీద కోపం కాదు. నీళ్లు తాగు.

ఒక్క మాట చెప్త, ఎవ్వలకు చెప్పకు. మొన్న మా చెల్లె, మరిది మైసన్న సూసిపోను అచ్చిండ్రు. ఈయనదీ మైసన్నదీ ఒక్కటే ఈడు, ఒక్కటే బీపీ. బండి నడుపుకుంట అచ్చిండు. ఈయనను సంకల కింద చేతులేసి లేవట్టి కూసవెట్టిండు. గడ్డం గీసిండు, తానం జేపిచ్చిండు, సొంత తమ్ముడు చేసినట్టు చేసిండు. మా చెల్లె పక్కన నిలవడి ఏడుస్తుంది. నేనేం సూసిన్నో తెల్సా? మైసన్న కుడి చెయ్యి సూసిన. గా చీటీ వాళ్ల ఊరికి రావాల్సింది, గా చెయ్యి పడిపోవాల్సింది అనుకున్న. అనుకున్న బిడ్డా! నా చెల్లె మెడల పుస్తె ఉంది గదా అన్న సోయి గూడ లేదు నాకు.

పోయేటప్పుడు మైసన్న నా చేతులు వట్టుకున్నడు. "వదినే, అన్నను దవాఖానకు తోల్కపోవాల్నంటే ఒక్క ఫోన్ జెయ్యి, ఎప్పుడైనా అస్త" అన్నడు. అంటే అస్తడే ఆయన, ఉరికి అస్తడు. ఇగ నాకు ఆయన తప్ప దిక్కెవ్వలు? గని గసుంటి మాట అనుకున్నంక, నేను ఏ మొకం వెట్టుకుని ఫోన్ జెయ్యాలె?