ఆ అమ్మాయి లోడై ఉందనే చెప్పింది

నా పేరు వెండెల్ హాస్కిన్స్. వయసు అరవై మూడు. సౌత్ డకోటాలో కార్వర్ బెండ్ ఊరు. మెయిన్ రోడ్డు మీదున్న తుపాకుల కొట్లో ఇరవై రెండేళ్లుగా కౌంటర్ దగ్గర పని చేస్తున్నాను. కొత్తగా పిస్టల్ కొన్నవాళ్లకి నెలకోసారి క్లాసు కూడా చెబుతాను. ఈ రోజు మార్చి 14, శనివారం. మధ్యాహ్నం ఒంటిగంటా పదికి ఈ పోలీసు స్టేషన్లో, ఇదే గదిలో, డిప్యూటీ షెరీఫ్ గారికి జరిగింది ఒకసారి చెప్పాను. అందులో ఒక ముక్క అబద్ధం. ఇప్పుడు టైం మూడూ ఇరవై. నన్నెవరూ బెదిరించలేదు. లాయర్ కావాలా అని రెండుసార్లు అడిగారు, వద్దన్నాను. భయంగా ఉంది సార్. అది కూడా రాసుకోండి.

కొట్లో మేమిద్దరమే. నేనూ, డ్యూయీ ప్రాట్. వాడికి నలభై ఒకటి. పొద్దున తొమ్మిదికి షట్టర్ తీస్తాం, తొమ్మిదీ అయిదుకి వాదన మొదలు. ఈమధ్య అంతా ప్లాస్టిక్ బాడీ పిస్టళ్లే కదా, వాటిలో ఏది గొప్ప అని. వాడికి కొత్త రకం అంటే పిచ్చి. దాని పిడి ఊడదీసి చేతికి సరిపడేది వేసుకోవచ్చు, గురి చూసుకోవడానికి పైన ఎర్ర చుక్క అద్దం బిగించుకోవచ్చు, విప్పాలంటే పక్కనున్న మీట తిప్పితే చాలు. నాది పాత రకం. సోకులేం లేవు, బురదలో పడేసినా పేలుతుంది. కాకపోతే దాన్ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఖాళీ చేశాక నొక్కాలి. అదొక్కటే దాని తిరకాసు.

"ఒరేయ్ ముసలోడా, శుభ్రం చేసుకోవడానికి ట్రిగ్గర్ నొక్కమనేది ఏం డిజైను? ఏదో ఒకరోజు ఎవడో ఒకడు పోతాడు" అనేవాడు డ్యూయీ.

"ఖాళీ అయిందో లేదో చూసుకోవడం రానోడికి ఏ డిజైనయితే ఏంట్రా?" అనేవాణ్ణి నేను. ఈ మాట కొన్ని వందలసార్లు అనుంటాను. ఈ రోజు పొద్దున కూడా అన్నాను.

పదకొండూ నలభైకి మార్లిస్ ఎక్‌లండ్ వచ్చింది. ఇరవై ఏడేళ్ల పిల్ల, నర్సు. ఊరవతల పొలాల్లో ఉండే ముసలివాళ్ల ఇళ్లకి కారేసుకుని ఒక్కతే తిరుగుతుంది. రెండేళ్ల కిందట పాత రకం పిస్టల్ నేనే అమ్మాను, క్లాసు నేనే చెప్పాను. దాన్ని ఒరలో పెట్టి, ఒరని టిఫిన్ సంచీలో పెట్టి తెచ్చింది. దాని పిడి తన చేతికి పెద్దదవుతోందట. కొత్త రకం పక్కన పెట్టి చూసుకుని, నచ్చితే మార్చుకుందామని వచ్చింది.

డ్యూయీ ఎగిరి గంతేశాడు. "చూశావా! నీ క్లాసు పిల్లే నా పార్టీలోకి వచ్చేసింది. ఉండమ్మా, చిన్న సైజు పిడి లోపలుంది, తెస్తా" అంటూ వెనక గదిలోకి వెళ్లాడు. ఆ గదికీ కౌంటర్‌కీ మధ్య ఉన్నది చెక్క పలక గోడ. దాని మీద క్యాలెండర్ ఉంటుంది.

మా కొట్లో ఒక పద్ధతుంది. బయటినుంచి ఏ తుపాకీ వచ్చినా కౌంటర్ చివరున్న ఎర్ర ఇసుక బకెట్‌లోకి గురిపెట్టి ఖాళీ చేయాలి. ముందు పిడిలో ఉండే తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్ తీయాలి, తర్వాత పైనున్న స్లయిడ్ వెనక్కి లాగి గొట్టంలోని తూటా పడేయాలి, ఆపైన చిటికెన వేలు లోపలికి పెట్టి చూడాలి. మ్యాగజైన్, స్లయిడ్, వేలు. పిల్లల చేత ఎక్కం అప్పజెప్పించినట్టు క్లాసులో అందరి చేతా చెప్పిస్తాను. ఆ బకెట్ పెట్టించింది కూడా నేనే.

బకెట్ నాకు ఆరడుగుల దూరంలో ఉంది. నేను వెళ్లలేదు. డ్యూయీ వచ్చేలోపే నా పాత రకం ఎంత సులువుగా విడిపోతుందో ఆ అమ్మాయికి చూపించేయాలి, వాడి నోరు మూయించాలి. బుర్రలో అదొక్కటే. ఆ అమ్మాయి పిస్టల్ ఒరలోంచి తీసి, ముందు స్లయిడ్ లాగాను. ఒక తూటా ఎగిరి కింద రబ్బరు పట్టా మీద పడింది. హమ్మయ్య, ఖాళీ అనుకున్నాను. ఆ తర్వాత మ్యాగజైన్ తీశాను. మ్యాగజైన్ లోపలుండగా స్లయిడ్ లాగితే పైనున్న ఇంకో తూటా గొట్టంలోకి ఎక్కి కూర్చుంటుంది. ఇది నా క్లాసులో మొదటి పాఠం. వేలు పెట్టి చూడలేదు. "ఒరేయ్ డ్యూయీ, బయటికొచ్చి చూడు, ఎంతసేపు పడుతుందో!" అని అరుస్తూ వెనక గది వైపు తిరిగాను. పిస్టల్ కూడా నాతోపాటే తిరిగింది. ట్రిగ్గర్ నొక్కాను.

క్యాలెండర్‌లో చిన్న కన్నం పడింది. దానిలోంచి వెనక గది లైటు కనబడింది. ఆ కన్నం వైపే చూస్తూ ఉండిపోయాను. నాకంటే ముందు ఆ అమ్మాయే పరిగెత్తింది. నేను వెళ్లేసరికి డ్యూయీ నేల మీద ఉన్నాడు, చేతిలో చిన్న సైజు పిడి అలాగే ఉంది. ఆ అమ్మాయి తన బెల్టు విప్పి వాడి తొడకి బిగిస్తోంది, మోకాలితో అదిమిపెట్టింది. డ్యూయీ నా మొహంలోకి చూసి, "విప్పుతున్నావా, ముసలోడా?" అన్నాడు.

అంబులెన్స్ పన్నెండుకి రెండు నిమిషాలు తక్కువకి వచ్చింది. ఆ అమ్మాయి వాడితో బాటే గుమ్మం దాకా వెళ్లింది. కౌంటర్ దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను. పట్టా మీదున్న తూటా తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. ఎందుకని అడక్కండి. ఎందుకో నాకు తెలుసు. అది అక్కడుంటే నేను ఏది ముందు లాగానో, ఏది తర్వాత తీశానో తుపాకులు తెలిసినవాడెవడికైనా అర్థమైపోతుంది.

ఒంటిగంటా పదికి డిప్యూటీ గారు, "ఆవిడ పిస్టల్ ఇచ్చేటప్పుడు ఏమంది?" అని అడిగారు. "ఖాళీగా ఉందని చెప్పింది, నమ్మాను" అన్నాను. అబద్ధం అంటే అదే. ఆవిడ మీద కేసు పెడతారని నాకు తెలుసు. కేసు పడితే నర్సు లైసెన్సు పోతుందనీ తెలుసు. అయినా నోటికొచ్చింది అనేశాను.

రెండున్నరకి నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్క గది తలుపు ఓరగా తీసి ఉంది. ఆవిడ గొంతు వినబడింది. ముందు కాసేపు, "లేదండీ, లోడై ఉందనే చెప్పాను" అంది. హాస్కిన్స్ ఖాళీ అన్నావని చెబుతున్నాడే అని వాళ్లు మళ్లీ మళ్లీ అడిగారు. అప్పుడు ఏడుస్తూ ఇలా అంది. "ఆయన అలా చెప్పారా? అయితే నేనే తప్పు చెప్పుంటానండీ. ఆయనకి తెలీకుండా ఉండదు. నాకు నేర్పిందే ఆయన."

ఆ మాటలు మీరు రాసుకుని ఉంటే కొట్టేయండి సార్. ఆవిడ తప్పేం చెప్పలేదు. సంచీ కౌంటర్ మీద పెడుతూ, "హాస్కిన్స్ గారూ, ఇది లోడై ఉంది. ఖాళీ చేయడం మర్చిపోయాను. అనుమానంగా ఉంటే ముట్టుకోవద్దు, ఒరతో సహా నా దగ్గరికి తెచ్చెయ్ అని మీరే చెప్పారు కదా, అందుకని అలాగే తెచ్చేశాను" అంది. నేను ఒర తీస్తుంటే, "లోడై ఉందండీ" అని మళ్లీ అంది. రెండుసార్లు చెప్పింది. "నాకు తెలీదా తల్లీ, నువ్వు చూస్తూ ఉండు" అన్నాను.

ఇదిగో ఆ తూటా, బల్ల మీద పెడుతున్నాను. మధ్యాహ్నం పన్నెండు నుంచీ నా జేబులోనే ఉంది, వేడెక్కిపోయింది. డ్యూయీ ఆపరేషన్ గదిలోంచి ఇంకా బయటికి రాలేదన్నారు. వాడు బతికితే వాడే చెబుతాడు, బతకకపోయినా ఈ మాట మారకూడదనే ఇప్పుడు చెబుతున్నాను.

ఇది చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. మధ్యాహ్నం ఒంటిగంటా పదికి ఇచ్చినది చెల్లదు. సంతకం వంకరగా పడింది, అయినా అది నాదే. ఆ అమ్మాయిని ఇంటికి పంపించేయండి. పంపించేముందు, తనకి సరిగ్గానే గుర్తుందని చెప్పండి.

(సం.) వెండెల్ హాస్కిన్స్
మార్చి 14, సాయంత్రం 4.05