నిందను చదివి నిజం రాబట్టిన గొంతు

1989వ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీన మా రేడియో కేంద్రంలో తాత్కాలిక ప్రకటనకర్తగా అడుగుపెట్టి, తొలినాళ్ళలో వాతావరణ సూచనలూ ధరవరలూ మాత్రమే చదివి, నేడు పఠన విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మా అక్కయ్యగారిని అభినందించే భాగ్యం, స్టూడియో అద్దానికి ఇవతల కూర్చుని ఇన్నేళ్ళూ వారి గొంతుకు మీటలు తిప్పిన నాకు దక్కింది. మాటలు వారి సొత్తు, మీటలు నా సొత్తు; కనుక తప్పులుంటే మన్నించగలరు.

వార్తలు, నాటికలు చదివి మెప్పించిన పిమ్మట వారు స్వయంగా ప్రారంభించినదే పుస్తక పఠన కార్యక్రమం. ఒక్క వాక్యమైనా వదలకుండా చదవడం, తమ మెప్పునుగానీ కోపాన్నిగానీ రచయిత మాటకు పూయకపోవడం, చదివిన వెంటనే ఎదుటనున్న రచయితను "ఇప్పుడు విన్నాక ఏమైనా దిద్దాలనిపిస్తోందా అండీ?" అని అడగడం వారు విధించుకున్న కట్టుబాట్లు. దిద్దుతామన్న రచయితను మాత్రం, ఒక్కరిని తప్ప, మేమెన్నడూ చూడలేదు. కిర్రుచెప్పులతో స్టూడియోలోకొచ్చిన డైరెక్టరుగారి చేతనే చెప్పులు విప్పించిన ఘనత కూడా అక్కయ్యగారిదే.

ఒక వయోవృద్ధ రాజకీయ నాయకుని ఆత్మకథను ధారావాహికగా చదువుతున్న రోజుల్లో ఆ కట్టుబాట్లకు అగ్నిపరీక్ష ఎదురైంది. తాను మంత్రిగా ఉండగా నూలుమిల్లు సమ్మెను అణచిన వైనం చెబుతూ, "సమ్మె నాయకుడే చాటుగా మా ఇంటికొచ్చి చేతులు కలిపాడు" అని ఆయన రాశారు. ఆ సమ్మె నాయకులు మరెవరో కాదు, అక్కయ్యగారి నాన్నగారే. ఆ అపవాదుకే తోటి కార్మికులు మొహం చాటేయగా, గడప దాటడం మానేసి, రేడియోలో కూతురి గొంతు వింటూ కాలం గడుపుతున్న మనిషి.

"ఆ పేజీ దాటేద్దామమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు డైరెక్టరుగారు.

"నాకు తెలుస్తుంది కదండీ. మా ఇంటి సంగతొచ్చిందని వదిలేస్తే, ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ సంగతులు ఏ మొహం పెట్టుకుని చదివినట్టు?"

ఇంటికెళ్ళి నాన్నగారికి ముందే చెప్పారట. "చదువు తల్లీ. ఎవరెవరి నోటో విన్నాను, నీ నోట వినలేనా?" అన్నారట ఆయన.

ఆ సాయంత్రం ప్రత్యక్ష ప్రసారం. చూపు మందగించిన ఆ మాజీ మంత్రిగారు అతిథిగా ఎదుట కూర్చున్నారు. చదువుతున్నది ఎవరి కూతురో వారికి తెలియదు. అక్కయ్యగారు ఆ వాక్యాన్ని తక్కిన వాక్యాల్లాగే, తొణకకుండా చదివారు. అలవాటు ప్రకారం ప్రశ్న అడిగారు. జవాబు లేదు. రేడియోలో నిశ్శబ్దమంటే మాకు ప్రాణసంకటం. నా చెయ్యి సంగీతం మీట మీదికి వెళ్ళింది. వద్దని వారు అరచెయ్యి చూపించారు.

"దిద్దాలమ్మా," అన్నారు పెద్దాయన చివరికి. "ఆ మనిషి మా ఇంటికి రాలేదు. సమ్మె విరగ్గొట్టడానికి ఆ పుకారు పుట్టించింది మేమే. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. నువ్వు చదువుతుంటే సిగ్గేసింది."

"ఆ మాట ఇంకొక్కసారి, కాస్త గట్టిగా చెబుతారా అండీ? వినేవాళ్ళలో పెద్దవాళ్ళుంటారు."

ఆయన మళ్ళీ చెప్పారు, గట్టిగానే. ప్రసారపు ఎర్రదీపం ఆరేదాకా అక్కయ్యగారి కంట నీరు రాలేదు. నేను మాత్రం మీటల మీద తలపెట్టుకుని ఏడ్చాను, సంతోషంతో.

మర్నాడు పొద్దున్నే పాత మిల్లు స్నేహితులు ఆ ఇంటి తలుపు తట్టారు. "రారా నాయకుడా, టీ తాగొద్దాం," అన్నారట. నాన్నగారు ఉతికిన చొక్కా తొడుక్కుని, వీధి మధ్యలోంచి, అందరికీ కనబడేలా నడిచి వెళ్ళారు.

తొంభై దాటిన ఆ తండ్రిగారు నేటి సభకు నడిచే వస్తానని కబురంపారు. ఆయన ఆయుష్షు, ఆయన ఆరోగ్యం, తలవంచనక్కరలేని ఆయన నడక మా అక్కయ్యగారికి సంపూర్ణంగా సంక్రమించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.