మలుపు వెనక చూడని చోటు

భోజనాల బల్ల మీద, లాప్‌టాప్ తెరపై ఆమె పెద్దపేగు బొమ్మ గుండ్రంగా తిరుగుతోంది. నిన్న పేగులోకి కెమెరా పంపి చేసిన పరీక్ష వీడియో నుంచి, ఆమే రాసిన ప్రోగ్రాం దాన్ని తయారుచేసింది.

"డాక్టరు ఏమీ లేదన్నాడుగా, ఇంకా ఏం వెతుకుతున్నావ్?" అన్నాడు భర్త.

"బొమ్మలో ఈ చిల్లు చూడండి. మలుపు వెనక కెమెరా చూడని చోటది."

"నీ ప్రోగ్రామే తప్పేమో."

"ప్రోగ్రాం కొత్తలో ఆసుపత్రిలో డాక్టర్లూ అదే అన్నారు. వాళ్లతో పోట్లాడి మరీ, చిల్లుంటే పరీక్ష మళ్లీ చెయ్యాలని రూలు పెట్టించాను. కొరివితో తల గోక్కున్నాను."

"అంటే మళ్లీ పేగు ఖాళీ చేసే ఆ విరేచనాల మందా? మొన్న అది తాగుతూ నా ఏడు తరాలనీ తిట్టావు!"

"బొమ్మలో ఈ చిల్లు పూడ్చెయ్యడం నాకు చిటికెలో పని."

"మరి పూడ్చెయ్యి."

"మా అమ్మకి కణితి ఈ మలుపులోనే దాక్కుందండీ."

ఆయన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"డాక్టరుకి ఫోన్ మీరే చెయ్యండి. నేను చేస్తే, ఆ మందు భయానికి ప్రోగ్రామే తప్పని ఒప్పేసుకుంటాను."