అత్తగారికి ఒక్క విశేషణం

అంట్ల గిన్నెలు పేరుకుపోయిన తమ్ముడి వంటింట్లో, స్పానిష్ పాఠాలు చెప్పుకుని బతికే అక్క, సంచీ అయినా దించకుండా వాణ్ణి నిలదీస్తోంది.

“కింది వాటా ఆవిడ నన్ను మెట్ల దగ్గరే పట్టేసిందిరా. ‘మీ తమ్ముడు పొద్దున్నే పెళ్ళాం చెప్పు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడండీ’ అంది. నిజమేనా?”

“తెగిందక్కా. కుట్టిద్దామని తీశాను.”

“ఎప్పుడు తెగింది?”

“అది... చాన్నాళ్ళయిందిలే. ఇప్పుడదంతా ఎందుకు? ‘లోన్లీ’కి స్పానిష్‌లో ఏమంటారో చెప్పు. తొందరగా.”

“సారీ చెప్పి ఊరుకోరా, చాలు.”

“సారీ అరిగిపోయిందక్కా! నీ మరదలికి ఇంగ్లీషులో ఎన్నని చెప్పను? పుట్టింటికి పోయినప్పటినుంచీ అసలు ఫోన్ ఎత్తితేగా. వాళ్ళమ్మ ఎత్తుతుంది. ఆవిడకి స్పానిష్ తప్ప ముక్క రాదు. రేపు ఇది అక్కడే ఉద్యోగంలో చేరిపోతోంది. చేరిందా, ఇక రాదు, రాసిచ్చేస్తాను. వాళ్ళమ్మ మనసు కరిగితేనే ఫోన్ దీని చేతికిస్తుంది. ‘ఐయామ్ లోన్లీ’ అని ఒక్క మాట. వాళ్ళ భాషలో, నా నోటితో.”

“కాపురం చేసినన్నాళ్ళూ ఒక్క ముక్క నేర్చుకోలేదు కదరా! అక్కనే పంతులమ్మగా పెట్టుకుని!”

“ఇంగ్లీషుతో గడిచిపోయేది. అయినా నీకు వచ్చు కదా, నువ్వేమైనా మాట్లాడావా దానితో?”

“నేనా... ఆదివారం కూడా అదే గోలా అనుకునేదాన్ని. అందరం భోజనాలకి కలిసినప్పుడు మన మాటలు మనకుంటాయి కదా.”

“మరి? నన్నంటావేం? చెప్పు చెప్పు.”

“సోలో అను.”

“అంటే?”

“ఒక్కడివే ఉన్నావని.”

“అంతేనా? బస్సులో ఒక్కణ్ణే ఎక్కినా అదేగా! ఇంకా బరువైంది లేదూ?”

“సోలితారియో ఉంది. అది ఒంటరిగా ఉండటమే హాయి అనుకునేవాడికి చెబుతారు. అలాంటివాణ్ణి వదిలేయడమే మంచిదనుకుంటుంది మీ అత్తగారు.”

“కొంప ముంచావు. ఇంకోటి.”

“అబందొనాదో.”

“అబ్బ! ఇది బాగుంది. వింటేనే గుండె పిండేసినట్టుంది. అర్థం?”

“వదిలేసి పోతే దిక్కులేకుండా మిగిలినవాడు.”

“అదే! నేనదే!”

“వదిలేసి పోయిందెవరు?”

“అంటే... అది...”

“కూతురి మీద నేరం మోపి తల్లిని కరిగిస్తావా? ఠపీమని పెట్టేస్తుంది ఫోను.”

“మరి నన్ను చావమంటావా? ఏదో ఒకటి చెప్పక్కా! ఈ ఇల్లు చూడు, ఈ గిన్నెలు చూడు...”

“నీ ఏడుపు గిన్నెల కోసమా, మనిషి కోసమా?”

“మనిషి కోసమే, ఒట్టు! ఇంటికొచ్చి తాళం తీస్తూనే ఏదో చెప్పబోతాను. నోరు తెరిచాక గుర్తొస్తుంది, ఎవరూ లేరని.”

“ఏం చెప్పబోతావు?”

“ఏముంటాయి, ఆఫీసు సంగతులు. ఉన్నప్పుడు చెప్పింది లేదు. దానికేం అర్థమవుతాయిలే అని...”

“ఊఁ. సరే విను. ‘మె సియెంతో సోలో’. ఒంటరిగా ఉన్నానని కాదు, ఒంటరిగా అనిపిస్తోందని.”

“తిప్పి తిప్పి ఆ సోలోనే తెచ్చావు!”

“నీకు చిన్నమాటే నయం. పెద్దమాట నీ నోట్లో పడితే నాటకంలా ఉంటుంది. చెయ్యి ఫోను.”

“స్పీకర్ పెడుతున్నా. తప్పు పలికితే గిల్లు.”

“మోగుతోంది. నిటారుగా కూర్చో, ఆవిడకి కనబడకపోయినా గొంతులో తెలిసిపోతుంది.”

“ఓలా... ఓలా సెన్యోరా. మె సియెంతో... మె సియెంతో సోలో. అక్కా, ఏమంటోంది? తిడుతోందా?”

“ఇన్నాళ్ళకి నీకు వాళ్ళ మాట ఒకటి వచ్చిందట. మెత్తబడిందిరా! ఉండు... పిలుస్తోంది. కూతుర్ని పిలుస్తోంది! ఇస్తోందిరా ఫోను!”

“ఇప్పుడేం చెయ్యను? సోలో దీనికి ఆనదక్కా. ఇంకా పెద్దది కావాలి. అబందొనాదో అనెయ్యనా?”

“ఆగరా! లైన్లోకి వచ్చేసింది.”

“వస్తే ఏం, మన మాటలు దానికేం తెలుస్తాయి! వెతుకు, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒంటరితనానికి ఇంకో మాట—”

“వెతక్కండి వదినా. మీరంతా నవ్వుకుంటూ భోంచేసే బల్ల దగ్గర కూర్చుని, ఆ మాట నేను తెలుగులోనే నేర్చుకున్నాను.”