ఆ రోజు నేను ఎత్తిన చెయ్యి

"అమ్మమ్మా, రేపు క్లబ్బు మీటింగులో పిల్లల బ్యాచ్ తీసేయడానికి ఓటు పెడుతున్నారంట కదా. నువ్వు లేచి ఏం మాట్లాడతావో ఇప్పుడే చెప్పు. రికార్డు చేసి, కాగితం మీద పెట్టిస్తాను."

ఆన్ చేశావా? ఆ ఎర్ర చుక్క వెలిగితే ఆనయినట్టేనా? సరే. ఆ ఫ్యాను కాస్త తగ్గించు చిన్నీ, దాని గోల తప్ప నా గొంతు వినపడదు.

ఏం మాట్లాడతాను తల్లీ. మాట్లాడీ మాట్లాడీ నోరు నొప్పెడుతోంది. మన పసుపు చొక్కాల ఫుట్‌బాల్ టీముకి నలభై ఏళ్లుగా గ్రౌండు గీస్తున్నదాన్ని, నాకు తెలియక అడుగుతాను, పిల్లల బ్యాచ్ లేకపోతే అదేం క్లబ్బు? పిల్లలకయ్యే ఖర్చు మిగిల్చి, ఎండాకాలం కప్పుకి విజయవాడ నుంచి నలుగురు గెస్ట్ ప్లేయర్లని తెస్తారంట. గెస్టులంట! ఇంటికి గెస్టు వస్తే కాఫీ ఇస్తాం, మంచినీళ్లిస్తాం. మన పిల్లల్ని వీధిలోకి పంపించి గెస్టులకి మంచం వేస్తామా?

పోయిన ఏడాది వచ్చారుగా ముగ్గురు. నువ్వూ ఉన్నావు, చూశావు. హాఫ్‌టైంలో ఒకళ్లనొకళ్లు "బ్రో, నీ పేరేంటి" అని అడుగుతున్నారు. ఆ పొడుగు జుట్టు కుర్రాడు గోలు కొట్టి ఎటు పరిగెత్తాడు? అవతలి టీము, హనుమాన్ జంక్షన్ వాళ్లు కూర్చున్న వైపు పరిగెత్తి, వాళ్లకి దణ్ణం పెట్టాడు! వాళ్లు మర్యాదస్తులు, తిరిగి దణ్ణం పెట్టారు. మన వాళ్లేమో ఈ పక్క నుంచి "ఒరేయ్, మేం ఇటున్నాంరా" అని గొంతు చించుకుంటున్నారు. నవ్వకు. నేనూ నవ్వాననుకో. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

ఇక ప్రెసిడెంటు గారు. మామిడికాయల మండీ ఆయనది, మనిషి చెడ్డవాడేం కాదు, చావుకీ పెళ్లికీ పిలవకపోయినా వస్తాడు. కానీ మైకు దొరికితే చాలు, "రేపటి తారలు మన పిల్లలే" అంటాడు. ఆ రేపటి తారలకి ఇవాళ ఉన్నది ఒక్కటే బంతి, దాని కుట్టు కూడా ఊడింది. సగం గ్రౌండులో ఆయన లారీలు, ప్లాస్టిక్ ట్రేలు. ఫ్లెక్సీ చూశావా, బస్టాపు దగ్గరది? టీమంతా కలిపి అరచెయ్యంత, ఆయన మొహం గోల్‌పోస్టంత. పిల్లలకి నేర్పే సుందరం మాస్టారున్నాడు కదా, వానొచ్చినా ఎండొచ్చినా సైకిలేసుకుని వచ్చేవాడు. ఆయన్ని "ఇక రానక్కర్లేదండీ" అని ఎదురుగా చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. ఓటింకా పెట్టకముందే వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గుడ్ మార్నింగ్ పువ్వు బొమ్మకీ, ఎవరిదో పుట్టినరోజు కేకుకీ మధ్యన. కింద పదిమంది దణ్ణాల బొమ్మలు పెట్టారు. ఎందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి.

టీ కొట్టు దగ్గర మన అభిమానులు సరేసరి. ఒకడేమో కప్పు రాకపోతే పరువు పోతుందంటాడు. ఇంకొకడు ముందు డిఫెన్సు మార్చాలంటాడు, వాడు జన్మలో బంతి తన్నిన పాపాన పోలేదు. పిల్లల సంగతేంట్రా అని అడిగితే, "వాళ్లు ఎదిగేసరికి మనం పోతాంలే రోజమ్మత్తా" అంటారు. పోతే పొండి. పొయ్యేముందు గ్రౌండు వదిలేసి పొండి.

మీటింగు కోసం నువ్వు రాసిన కాగితం కూడా చదివించుకున్నానమ్మా, "మైదానం మా హక్కు", "ప్రజల ఆట ప్రజలకే". బాగున్నాయి. కాదనను. కానీ ఆ మాటలే ప్రెసిడెంటు గారు కూడా మైకులో అంటాడు, నీకంటే గట్టిగా. నువ్వు అలా మూతి ముడుచుకోకు. నీ కోపం నిజమైందే, మాటలే ఎవరివో. నేను చెప్పేది వేరే ఉంది. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను చర్చి స్కూల్లో ఆయాగా చేరినప్పుడు ఫాదర్ గారు... ముందున్నాయన కాదు, అంతకు ముందు, గడ్డం ఉన్నాయన, ఆయన ఈ టీము పెట్టారు. కుర్రాళ్లు గ్రౌండుకి గీతలు గీసేవాళ్లు. పాము పాకినట్టుండేవి. బంతి లోపలా, బయటా అని ప్రతి ఆటలో తగువే. ఒక రోజు నేను చర్చి ముందు క్రిస్మస్ ముగ్గు వేస్తుంటే ఆయన చూసి, "రోజమ్మా, ఇంత తిన్నగా గీస్తున్నావు, ఆ గ్రౌండు నువ్వే గీయకూడదూ" అన్నారు. అప్పట్లో డబ్బాడు ముగ్గుపిండి అర్ధ రూపాయి. రెండు కర్రలు, ఒక కొబ్బరి తాడు. మధ్య గుండ్రం కోసం తాడు పట్టుకుని చుట్టూ తిరగాలి, అది మాత్రం మా ఆయనతో, అదే మీ తాత జోజితో తిప్పించేదాన్ని, తిరిగి తిరిగి తూలేవాడు. మొదటిసారి నాకు తెలియక ఆ గుండ్రం నడిమధ్యన ఎనిమిది రేకుల పువ్వు వేశాను. రిఫరీ పాపం బంతి పట్టుకుని నిలబడ్డాడు, పువ్వు మీద ఎలా పెట్టనండీ అని. ఫాదర్ గారు ఎంత నవ్వారో!

మా అక్క... మీ సొంత అమ్మమ్మ, నన్ను తిట్టిపోసేది, ఆడదానివి మగాళ్ల ఆటలో నీకేం పనే అని. తర్వాత్తర్వాత తనే ముగ్గు జల్లెడ పట్టి ఇచ్చేదిలే. ఏం చెప్తున్నాను? ఆ, గీతలు. ఆ గీతలు గీసినందుకే నన్ను క్లబ్బులో మెంబర్ని చేశారు. అందరి మగాళ్లతో పాటు చెయ్యెత్తే హక్కు. ఆ హక్కే కొంప ముంచింది.

మన టీము గోల్‌కీపర్లందరూ ఎక్కడ నుంచి వచ్చారో తెలుసా నీకు? తోటల్లో నుంచి. మీ తాత మామిడికాయ కోసేవాడు కదా. చెట్టెక్కి, చిక్కం కట్టిన గెడ అందని చోట చేత్తో తెంపి కిందకి వదిలితే, కింద ఇద్దరు గోనెపట్టా పట్టుకుని నిలబడేవాళ్లు. మా శౌరి, మీ మావయ్య, పదేళ్లప్పటి నుంచి పట్టా లేకుండా చేతులతో పట్టేవాడు. కాయ నేల మీద పడితే పనికిరాదు, దెబ్బ తగిలినచోట రెండు రోజుల్లో నల్లబడుతుంది. గట్టిగా అదిమి పట్టినా అంతే. చేతులు కాయతో పాటే కాస్త వెనక్కి రావాలి. వాళ్ల నాన్న అదే చెప్పేవాడు, "తీసుకోవాలిరా, లాక్కోకూడదు". ఫాదర్ గారు ఒకసారి తోటలోకి వచ్చి ఇది చూసి, మర్నాడే వాణ్ణి గోల్‌పోస్టు ముందు నిలబెట్టారు. వాడికి నేర్పాల్సిందేం లేకపోయింది. పిల్లల బ్యాచ్ అంటే అదే అమ్మా. ఎవరిలో ఏముందో వెళ్లి చూడటం. కులం అడిగారా, మతం అడిగారా, చర్చికి వచ్చే పిల్లలూ కోవెలకి వెళ్లే పిల్లలూ అందరూ ఆ తోటల్లో కూలీల పిల్లలే.

మా శౌరి పెద్ద టీములోకి వచ్చాక రెండేళ్లు వాడే కీపరు. ఆ రెండో ఏడు కప్పులో సెమీస్ దాకా వెళ్లాం, పెనాల్టీ ఆపింది వాడే. ఫైనల్‌కి ముందు రోజు కమిటీ మీటింగు పెట్టారు. ఇప్పుడున్న ప్రెసిడెంటు కాదు, వీళ్ల నాన్న. "విజయవాడ నుంచి ఒక కీపరు దొరికాడు, జిల్లాకి ఆడినవాడు. ఒక్క మ్యాచికే. మన శౌరి మంచివాడే, కానీ ఫైనల్ కదా" అన్నాడు. ఇష్టమైనవాళ్లు చెయ్యెత్తండి అన్నాడు. సగం మంది ఎత్తారు, సగం మంది ఎత్తలేదు. అందరూ నా వైపు తిరిగారు. "రోజమ్మా, నీ కొడుకు సంగతి, నువ్వే చెప్పు" అన్నాడాయన.

ఏం చెయ్యాలి నేను? నా కొడుకు కోసం ఊరి కప్పు పోగొట్టిందంటారేమో అని భయం. కన్నతల్లి కాబట్టి ఎత్తలేదంటారేమో అని. పెద్దమనిషిలా ఉండాలనుకున్నాను. న్యాయంగా ఉండాలనుకున్నాను.

ఎత్తాను.

కాసిని మంచినీళ్లు ఇలా ఇవ్వు.

కప్పు గెలిచాం. అవును, గెలిచాం. ఆ కీపరు దగ్గరికి ఆ రోజు బంతి వచ్చింది రెండే రెండు సార్లు, అదీ దొర్లుకుంటూ. శౌరి గీత పక్కన కూర్చున్నాడు, తెల్లారగట్లే లేచి నేను గీసిన గీత. లేచేసరికి నిక్కరుకి వెనకంతా తెల్లగా ముగ్గు. ఎవరో నవ్వారు. ఫోటో తీసేటప్పుడు ఆ కీపరు మధ్యలో నిలబడ్డాడు, చేతిలో కప్పు. ఒంటి మీద శౌరి చొక్కా. అదే చొక్కాతో బస్సెక్కి వెళ్లిపోయాడు, మళ్లీ ఈ ఊరి మొహం చూడలేదు. వాడి పేరు ఇప్పుడు చెప్పగలిగినవాడు ఊళ్లో ఒక్కడుంటే చూపించు.

నా కొడుకు నన్నేదో ఒకటి అని ఉంటే బాగుండేది. తర్వాతి ఆదివారం గ్రౌండుకి పోలేదు. ఆ పై ఆదివారం కూడా పోలేదు. ఇప్పుడు ట్రాలీ ఆటో తోలుతున్నాడు, రెడ్డిగూడెం తోటల నుంచి నూజివీడుకి కాయ వేస్తాడు. గ్రౌండు పక్కనే రోడ్డు ఉన్నా, చెరువు గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తాడు. నేను చూడలేదనుకుంటాడు. ఇరవై ఏళ్లు దాటింది చిన్నీ. ఆ రోజు ఒక్కడి కోసం ఎత్తిన చెయ్యి, ఆ తర్వాత ఇద్దరికి, ముగ్గురికి, ఇప్పుడు నలుగురికి. ప్రెసిడెంటుని తిడుతున్నాను కదా ఇందాకట్నుంచి, ఆ తలుపు తీసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇది నీ కాగితంలో లేదు. ఉండాలి.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటావా. వాడి కూతురు జెస్సీ పిల్లల బ్యాచ్‌లో కీపరు. దానికెవరు నేర్పారు? నేను నేర్పలేదు, నాకు గీతలు తప్ప ఏం రాదు. పోయిన ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, సుందరం మాస్టారు లేకపోయినా పిల్లలే చేరి ఆడుకుంటున్నారు, ఆ ట్రేల పక్కన మిగిలిన కాస్త జాగాలో. నేను అరుగు మీద కూర్చున్నాను. జెస్సీ ఒక బంతి పట్టింది. చేతులు వెనక్కి తీసుకుంటూ, మెత్తగా. అచ్చం కాయ పట్టినట్టు. అటు చూస్తే గోడ వెనకాల మా వాడి ఆటో. వాడు దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని చూస్తున్నాడు. పిల్ల బంతి పట్టినప్పుడల్లా ఆ చేతులు ఇంత, ఇంతే, వెనక్కి వస్తున్నాయి. నేను తల తిప్పేసుకున్నాను. చూశానని తెలిస్తే మళ్లీ ఆ చెరువు గట్టు దారే పడతాడు.

అందుకని రేపు నాకు పెద్ద ఉపన్యాసం ఏం రాయకు. ఇష్టమైనవాళ్లు చెయ్యెత్తండి అంటారు కదా, అప్పుడు నేను చెయ్యెత్తకుండా లేచి నిలబడతాను. "ఆ రోజు నా కొడుకు మీద చెయ్యెత్తాను. అది న్యాయం అనుకున్నాను. తప్పు. ఇవాళ నా మనవరాలి మీద ఎత్తను." ఇంతే. ఆ తర్వాత ఓడినా, గెలిచినా. ఓడిపోతే మాత్రం ఆ గెస్టులకి గీతలు వాళ్లే గీసుకోవాలి. ముగ్గు డబ్బా మా ఇంట్లో ఉంటుంది. పిల్లలు ఎక్కడ ఆడితే అక్కడ గీస్తాను, తోటలో చెట్ల మధ్యనైనా సరే. సమ్మె అంటావో, ఏమంటావో నీ ఇష్టం. దానికో మంచి పేరు నువ్వే పెట్టు, నీకు బాగా వచ్చుగా.

ఏంటీ? ముందు మావయ్యకి చెప్పాలా? మీటింగులో అందరి ముందూ చెప్పేది ఇంట్లో వాడికి చెప్పలేవా అంటావు. ఈ ఒక్క మాట ఏ పుస్తకంలోనూ చదివినట్టు లేవే నువ్వు. అదేనమ్మా కష్టం. వందమంది ముందు లేచి నిలబడచ్చు. కంచంలో అన్నం పెడుతూ, వాడి మొహం చూసి చెప్పడం... ఇరవై ఏళ్ల నుంచి రోజూ అనుకుంటున్నాను, కూర వడ్డించి వచ్చేస్తున్నాను.

నువ్వు చల్లగా ఉండాలి తల్లీ. నీ కోపం పోకూడదు, కానీ నాలాగా ఎదుటివాళ్లు ఏమంటారో అని చెయ్యి ఎత్తే రోజు నీకు రాకూడదు.

అదిగో, ఆటో శబ్దం. వాడే. ఆ సైలెన్సర్ బాగు చేయించుకోమని నెల నుంచి చెప్తున్నాను, వినడు. ఆపేయ్, ఆపేయ్ ఫోను.

ఆగు. వద్దు. ఉంచు. అలాగే ఆన్‌లోనే ఉంచు, బల్ల మీద పెట్టు.

ఒరే శౌరీ... చెప్పులు అక్కడే విడిచి ఇలా రా నాన్నా. కాళ్లు తర్వాత కడుక్కోవచ్చులే. అన్నం కాదు, అన్నం ఇప్పుడు కాదు. ఇలా వచ్చి కూర్చో. నీకొకటి...