గద్దపిల్లకు తెలిసిన గొంతు

హలో… ఆ, నేనే. వన్యప్రాణుల కేంద్రంలో పక్షుల గది చూసుకునేదాన్ని. పిట్టలావిడ అంటే ఇక్కడ నేనే… ఎవరు?

ఓ, కాలేజీ తరఫున పనికొస్తున్న అమ్మాయి వాళ్లమ్మా. చెప్పండమ్మా.

…ఎవరన్నారు? మీ పక్కింటావిడా… ఏమని?… చదువుకునే పిల్ల చేత రెట్టలు కడిగిస్తున్నామనా. మీ అమ్మాయి మోకాళ్ల మీద కూచుని నేల రుద్దుతుంటే, నేను కుర్చీలో కాళ్లూపుకుంటూ కూచున్నాననా… ఊఁ. కుర్చీ మాట అబద్ధం. ఆరోజు కుర్చీలో కూచున్నది నేను కాదు. మిగతాది నిజమే.

…ఎందుకు కడగకూడదు? గద్దలు రెట్ట వేస్తాయి, ఎవరో ఒకరు కడగాలి. పదహారేళ్లుగా నేను కడుగుతున్నా. నా చేతులేం అరిగిపోలేదు.

…లేదు, వినండి. వచ్చినవాళ్లకి బొమ్మలు చూపించి నవ్వుతూ నిలబడే ఉద్యోగం అనుకుని పంపితే ఆ తప్పు నాది కాదు. మొదటిరోజే పనులన్నీ రాసిచ్చాం. కింద మీరు సంతకం పెట్టారు. చదివి పెట్టారో, చూడకుండా పెట్టారో మీకే తెలియాలి.

…ఆ. ఇప్పుడు కాలేజీ కాగితం మీద నా సంతకం దగ్గరికొచ్చారు. దానికోసమే చేశారని తెలుసు.

…పెట్టలేదు. ఆరు వారాలు పనిచేసింది, ఒక్కరోజు నాగా లేదు. అయినా పెట్టలేదు.

…శుక్రవారం లోపల కాగితం అందకపోతే పరీక్షకి రానివ్వరని నాకూ తెలుసు.

…కక్షా? మీకూ నాకూ గట్టు తగాదాలేమైనా ఉన్నాయా, కక్ష కట్టడానికి?

…మా పెద్దసారుకి చెప్తారా. చెప్పండి. నంబరు టికెట్ల కిటికీ పక్కన బోర్డు మీద ఉంటుంది. మీ పక్కింటావిడ ఈసారి వచ్చినప్పుడు రాసుకొస్తుంది. తాటాకు చప్పుళ్లకి నేను బెదరను…

…సరే, అరవండి. అయ్యాక చెప్తా.

…

అయిందా. ఇప్పుడు నా మాట వినండి. గూడు కూలి కిందపడ్డ గద్దపిల్ల ఒకటి మా దగ్గరుంది. గుప్పెడంత ఉన్నప్పుడొచ్చింది. దానికి మధ్యాహ్నం మేత పెట్టే పని మీ అమ్మాయిది. పెంచి అడవిలో వదలాలంటే అది మనిషి ముఖం చూడకూడదు, మనిషి మాట వినకూడదు. అందుకని తెర వెనక కూచుని, చేతికి గద్ద తలలాంటి తొడుగు వేసుకుని, ఆ ముక్కుతో మాంసం ముక్క అందిస్తాం. ఆ గదిలో ఎవరూ నోరు విప్పరు. దగ్గొస్తే బయటికొచ్చి దగ్గాలి.

…వస్తున్నా, మీ పక్కింటావిడ దగ్గరికే వస్తున్నా. మొన్న ఆదివారం దాన్ని వదిలాం. చక్కగా ఎగిరింది. మీ అమ్మాయి చాటుకెళ్లి కళ్లు తుడుచుకుంది. చెట్ల మీదుగా రెండు చుట్లు తిరిగి, తిన్నగా కార్లు ఆపేచోట దిగి, ఒకావిడ భుజం మీద వాలింది. ఎవరావిడ?

…మీ పక్కింటావిడే. మీకు చెప్పలేదా. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఇదొక్కటీ ఎలా మింగేసిందో. గద్దపిల్లని పట్టి మళ్లీ గదిలో పెట్టాం. ఆవిడ భుజమంతా గీరుకుపోయింది. కుర్చీలో కూచోబెట్టి మందు రాసింది నేనే. అప్పుడే చూసుంటుంది, మీ అమ్మాయి గది కడగడం.

ఇంకొకటి. గద్దపిల్ల వాలినప్పుడు ఆవిడ చేతిలో ఫోనుంది. స్పీకర్లో ఉంది. అవతల మాట్లాడుతున్నదెవరు?

…అవును. మీరే. 'మీ అమ్మాయి పనిచేసే చోటికొచ్చా' అని గొప్పగా మీకే చేసింది. మధ్యలో ఫోన్ కట్టయింది, గుర్తుందా… చార్జింగ్ అయిపోయిందందా. బాగుంది.

…ఉండండి. మీ అమ్మాయి నాకేం చెప్పలేదు. ఆ కాగితంలో 'కేంద్రానికి కలిగిన నష్టం' అని ఒక గడి ఉంటుంది. అందులో 'నేను గద్దపిల్లతో మాట్లాడాను, తప్పు నాది' అని రాసింది. నేను నమ్మలేదు. తన గొంతు వినిపిస్తే అది తలైనా తిప్పదు. నా గొంతుకీ అంతే. మరి రోజూ పన్నెండున్నరకి, సరిగ్గా మేత వేళకి, ఫోన్ చేసేదెవరు?

…తిన్నావా అనే. తెలుసు. తిన్నావా, ఏం తిన్నావు, రేపటినుంచి ఇంకో డబ్బా పెట్టనా, ఎండలో తిరక్కు…

…ఫోన్ బయట పెట్టె‌లో వేసి లోపలికెళ్లాలి. వెయ్యలేదు. అది తన తప్పే. అందుకే, తన వంతు కాకున్నా, ఎవరూ చెప్పకుండానే, నేల రుద్దుతోంది. కానీ ఎందుకు వెయ్యలేదంటారు? మొదటి వారం ఎత్తకపోతే మా ఆఫీసుకి పదకొండుసార్లు చేశారు. మీ నంబరు కనిపిస్తే టికెట్లాయన టీకి వెళ్లిపోయేవాడు. అటు మీరు, ఇటు నేను. చేతికేమో తొడుగు. ఫోన్ తనంతట తనే ఎత్తుకునేలా పెట్టి జేబులో వేసుకుంది. మీ మాట వినిపిస్తుంది, మేత ముక్క అందుతుంది. అయిదు వారాలు. గద్దపిల్లకి అదే అలవాటైంది.

…నమ్మరు. సరే. నేనిప్పుడు దాని గది బయటే ఉన్నా. తలుపు తీసి స్పీకర్లో పెడతా. ఏదో ఒకటి మాట్లాడండి.

…ఇందాకటినుంచీ గుక్క తిప్పుకోకుండా మాట్లాడారుగా. ఇప్పుడేమైంది? మాట్లాడండి.

…

విన్నారా. ఆ కీచుమన్నది అదే. మీరు 'ఏంటి మాట్లాడేది' అన్నారు, అంతే. రెక్కలు దించుకుని నోరు తెరిచింది. ఇంకా తెరిచే ఉంది.

…ఇక వదలం. మీలాంటి గొంతు ఏ ఫోన్లో వినిపించినా దిగిపోతుంది. ఎవరో ఒకరు రాయి విసురుతారు. ఇరవై ఏళ్లు బతికితే ఇరవై ఏళ్లూ ఇనప వల వెనకే.

…మళ్లీ సంతకం. అబద్ధం కింద నేను సంతకం పెట్టనమ్మా. రేపు మీరు రండి. మీ అమ్మాయి రాసింది కొట్టేసి, జరిగింది మీ చేత్తో రాయండి. అక్కడికక్కడే పెడతా.

…కూతుర్ని తిన్నావా అని అడగడం తప్పని నేనన్నానా?

…ఎవరు, మీ అమ్మాయా? రోజూ మీతో బాగానే మాట్లాడేదా? ఆ పన్నెండున్నరప్పుడు? బాగా గుర్తు తెచ్చుకోండి. ఏమనేది?

…ఊఁ కూడా అనలేదు. ఆ గదిలో కెమెరా ఉంది, మాటలతో సహా ఎక్కుతుంది. నిన్న కూచుని మొత్తం విన్నా. నోరు విప్పకూడదని మొదటిరోజు చెప్పాను, ఆ ఒక్క మాటా తప్పలేదు. అయిదు వారాలు మీరు అడుగుతూనే ఉన్నారు. మీ అమ్మాయి ఒక్కసారీ జవాబు చెప్పలేదు. అది మీకు తెలియనే లేదు.